రథం నుంచి రచ్చ దాకా: మాటకి అర్థం ఎలా మారుతుంది?

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెతకి అర్థం చెప్పమని పదో తరగతి చదివే మా మేనకోడలిని అడిగాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “ముందు ఇంట్లోవాళ్లతో గొడవపడి గెలవాలి అత్తా, ఆ తర్వాతే బయటివాళ్లతో గొడవకి వెళ్లాలి” అంది. మరి రచ్చ అంటే? “గొడవే కదా!”

ఆ జవాబు చాలా రోజులు నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల ఊహ తెలిసినప్పటి నుంచీ విన్న రచ్చ అదే. ‘రచ్చ చేయకు’, ‘పెద్ద రచ్చయింది’, ‘రచ్చ రచ్చ చేశారు’. ఈ వాక్యాలన్నిటికీ గొడవ అన్న అర్థం చక్కగా అతుకుతుంది. తనకి తెలిసిన ఆ అర్థాన్నే తీసుకెళ్లి తెలియని సామెతలో పెట్టింది. అక్కడా అతికింది! సామెత చెప్పదలుచుకున్నదానికి మరీ దూరం కూడా పోలేదు. మాటల అర్థాలు మారడం అంటే నాకు తెలిసినంతలో ఇదే. ఎవరో పనిగట్టుకుని మార్చరు, ఎవరో పాడుచేయరు. విన్నదాన్ని బట్టి బుద్ధిగా అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లంతా ఒకేవైపు అర్థం చేసుకున్నప్పుడు మాట అటు జరుగుతుంది.

కుర్రకారు మాటల గురించి మాట్లాడేటప్పుడు మనం చూపంతా పలికేవాళ్ల మీదే పెడతాం. ఎవరు పుట్టించారు, ఎవరు వంకర తిప్పారు అని వెతుకుతాం. నా చూపు వినేవాళ్ల మీద ఉంది. మార్పు జరిగే చోటు అదే కాబట్టి, రచ్చనే పట్టుకుని మొదటి నుంచీ నడిచి చూద్దాం.

సంస్కృతంలో ‘రథ్య’ అంటే రథం పోయేంత వీధి. ప్రాకృతంలో అది ‘రచ్ఛ’ అయింది, తెలుగులోకి రచ్చగా వచ్చింది. వీధి అంటే నలుగురూ తిరిగే చోటు, కాబట్టి నలుగురూ కూడే చోటు కూడా. పెద్దలు కూర్చుని తగవులు తీర్చే బండకి రచ్చబండ అని పేరు. సామెతలోని రచ్చ ఇదే. ముందు ఇంట్లో మెప్పు పొందు, ఆ తర్వాత నలుగురిలో మెప్పు పొందు అని దాని భావం. అందులో గొడవ ఊసే లేదు.

తర్వాతి మజిలీ ‘ఇంటి గుట్టు రచ్చకెక్కింది’, ‘పరువు రచ్చకీడ్చాడు’ లాంటి వాక్యాలు. ఇక్కడ కూడా రచ్చ ఇంకా చోటే. ‘రచ్చకి’ అన్నప్పటి ‘కి’ని చూడండి. ఎక్కడికి ఎక్కింది, ఎక్కడికి ఈడ్చాడు అన్న ప్రశ్నకి అది జవాబు. అయితే రచ్చకి ఎక్కేవి ఏమిటి? గుట్టు, తగవు, పరువు. బిడ్డకి మంచి మార్కులొచ్చిన సంగతి రచ్చకెక్కిందని ఎవరూ అనరు. అంటే ఈ మాట చెవిన పడ్డ ప్రతిసారీ దాని పక్కన ఏదో ఒక తగవు నిలబడి ఉంటుంది. వందసార్లు విన్నాక, ఆ తగవు పక్కన ఉందా, మాటలోనే ఉందా అన్నది తేల్చి చెప్పడం కష్టమవుతుంది.

‘వాళ్ల తగవు రచ్చయింది’ అన్న వాక్యాన్నే తీసుకోండి. పాత అర్థం తెలిసినవాళ్లకి, తగవు నలుగురి నోళ్లలోనూ పడిందని అర్థమవుతుంది. తెలియనివాళ్లకి, చిన్న తగవు పెద్ద గొడవ అయిందని అర్థమవుతుంది. రెండూ అతుకుతాయి. పలికినవాళ్లు ఒకటి అనుకున్నారు, విన్నవాళ్లు ఇంకోటి అనుకున్నారు, ఇద్దరూ తృప్తిగా తలాడించారు. ఇలాంటి వాక్యమే వంతెన. దాని మీద నడిచి అవతలికి చేరినవాళ్లు ‘రచ్చ చేశాడు’ అంటారు. చోటుని ఎవరూ ‘చేయరు’ కదా, గొడవని చేస్తారు. ‘రచ్చకి’ పోయి ‘రచ్చ చేయడం’ వచ్చిందంటే, చోటు కాస్తా పనిగా మారిందని వ్యాకరణమే సాక్ష్యం చెబుతోందన్నమాట.

కథ అక్కడితో ఆగలేదు. ‘నిన్న రాత్రి అందరం కలిసి రచ్చ రచ్చ చేశాం’ అని ఇవాళ ఎవరైనా అంటే అందులో తగవు లేదు. గుంపు ఉంది, హోరు ఉంది, కాస్త హద్దు దాటడం ఉంది. గొడవలో ఉన్న చేదు రాలిపోయి సందడి మాత్రం మిగిలింది. రథం పోయే వీధి, నలుగురూ కూడే చోటు, బట్టబయలు కావడం, గొడవ, చివరికి కేరింత. మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెడితే ఏ సంబంధమూ కనిపించదు. ఒక్కో అడుగూ చూస్తే ఎక్కడా గెంతు లేదు.

మాటకి పక్కనున్న మాట సోకుతుందని మొదట పట్టుకున్నవాళ్లలో ఫ్రెంచ్ పండితుడు మిషెల్ బ్రెయాల్ ఒకరు. శబ్దార్థాల మీద ఆయన పెద్ద పుస్తకం 1897లో వచ్చింది. ఆయన దీన్ని అంటుకోవడంతో పోల్చాడు. ఫ్రెంచ్‌లో ‘పా’ అంటే అడుగు. ‘ఒక్క అడుగు కూడా వేయను’ అనే ధోరణిలో, కాదు అని చెప్పే చిన్న మాట పక్కన అది ఎన్ని వందల ఏళ్లు నిలబడిందంటే, కాదనే అర్థం దానికే అంటుకుంది. ఇవాళ మాటల్లో ఆ అసలు మాటని వదిలేసి ‘పా’తోనే కాదు అని చెప్పేస్తున్నారు. రచ్చకి గొడవ అంటుకున్నదీ సరిగ్గా ఇలాగే.

మన పాఠ్యపుస్తకాలు ఈ మార్పుల్ని అర్థ సంకోచం (అర్థం కుంచించుకోవడం), అర్థ వ్యాకోచం (అర్థం విస్తరించడం), అర్థోత్కర్ష (అర్థం మెరుగవడం), అర్థాపకర్ష (అర్థం దిగజారడం) అని గదులు కట్టి సర్దుతాయి. పేర్లు తెలిసి ఉండటం మంచిదే. కానీ రచ్చని ఏ గదిలో పెడతాం? చోటు నుంచి గొడవకి రావడం అపకర్ష అయితే, గొడవ నుంచి కేరింతకి పోవడం ఉత్కర్ష. ఒకే మాట గదులన్నీ తిరిగి వచ్చింది. గదుల కంటే గుమ్మాల్ని చూడటమే నాకు ఎక్కువ ఉపయోగంగా కనిపిస్తుంది.

ఇంత తొందరెందుకు?

అన్ని మాటలూ మారతాయి. పాత తెలుగులో చీర అంటే బట్ట, ఆడామగా ఎవరు కట్టినా చీరే. వనవాసానికి వెళ్లే రాముడు నారచీరలు కట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. నూనె అంటే నువ్వుల నెయ్యి, ఇప్పుడు దేన్నుంచి తీసినా నూనే. భారతంలో ఉద్యోగపర్వం ఉంది. అక్కడ ఎవరికీ కొలువు దొరకలేదు, ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. ఇవన్నీ తాపీగా, తరాల తరబడి జరిగిన మార్పులు. కుర్రకారు మాట అంతసేపు ఆగదు. అన్న కాలేజీలో నేర్చుకున్న మాట తమ్ముడు కాలేజీకి వచ్చేసరికి పాతబడుతుంది.

దానికి కారణం ఆ మాట మోసే బరువు. మామూలు మాటకి ఉన్నది ఒకటే పని, అర్థం చెప్పడం. కుర్రకారు మాటకి రెండు పనులు. అర్థం చెప్పాలి, ‘నేను మీవాణ్ణే’ అని కూడా చెప్పాలి. రెండోదే ముఖ్యం. బాగుందనడానికి మనకి మాటల కరువేం లేదు. అయినా ప్రతి బృందమూ తనకంటూ ఇంకోటి పుట్టించుకుంటుంది. ఆ మాట నలుగురికీ తెలిసిపోతే, మాస్టారూ ప్రకటనలు రాసేవాళ్లూ వాడటం మొదలుపెడితే, రెండో పని చేసే శక్తి దానికి పోతుంది. అప్పుడు ఆ బృందం ఆ మాటని వదిలేస్తుంది, లేదా దాన్నే ఇంకాస్త తిప్పుతుంది.

ఈ తిప్పడం కళ్లకి కట్టినట్టు కనిపించేది ఫ్రాన్సులో ‘వెర్లాఁ’ అనే మారుభాషలో. అందులో మాటలోని అక్షరాల్ని తలకిందులు చేస్తారు. అరబ్ అనే మాటని తిప్పితే ‘బర్’ లాంటి మాట వచ్చింది. ఉత్తర ఆఫ్రికా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు తమని తాము చెప్పుకోవడానికి వాడుకున్న మాట అది. 1980లలో పత్రికలూ రాజకీయ నాయకులూ అందుకున్నారు, నిఘంటువుల్లోకి ఎక్కింది. అందరిదీ అయ్యాక అది ఆ పిల్లలది కాకుండా పోయింది. వాళ్లు చేసిన పని చూడండి: తిప్పిన మాటని మళ్లీ తిప్పి ‘రెబు’ అన్నారు. రెండుసార్లు తిప్పితే మొదటి చోటికే రావాలి, కానీ రాలేదు. మధ్యలో అచ్చులు రాలిపోయాయి కాబట్టి మూడో మాట పుట్టింది. స్త్రీ అనే అర్థమున్న ‘ఫామ్’ కూడా ఇలాగే ‘మఫ్’ అయి, అక్కడి నుంచి మళ్లీ తిరగబడింది. తాళంచెవి అందరి చేతికీ చిక్కితే తాళం మార్చుకున్నట్టే ఇది.

భయం ఎందుకు పొగడ్త అవుతుంది

కుర్రకారు మాటల్లో పెద్దవాళ్లని ఎక్కువగా తికమక పెట్టేది, చెడ్డమాట మంచిమాట కావడం. అరాచకం అంటే రాజు లేని స్థితి, అడిగే దిక్కు లేకపోవడం. ఇప్పుడు ఎవరైనా బాగా పాడితే “అరాచకం రా!” అంటారు. ఖతర్నాక్ అంటే ఉర్దూలో ప్రమాదకరం. తెలుగు కుర్రాళ్ల నోట అది పొగడ్త. బీభత్సం నవరసాల్లో జుగుప్స పుట్టించే రసం. ఇవాళ ‘బీభత్సంగా ఆడాడు’ అంటే బ్రహ్మాండంగా ఆడాడని.

ఇది మన భాషకొక్కదానికే వచ్చిన తెగులని బాధపడేవాళ్లని చూశాను. కాదు. ఇంగ్లిష్‌లో ‘టెరిఫిక్’ అంటే ఒకప్పుడు భయం పుట్టించేది, ఇప్పుడు అద్భుతమైనది. జపనీస్‌లో ‘యబాయి’ అంటే ప్రమాదం; దొంగల మారుభాష నుంచి వచ్చిన ఆ మాటని ఇప్పటి యువతరం అదిరిపోయిందనే అర్థంలో వాడుతుంది. జర్మన్‌లో ‘చాలా’ అని చెప్పే ‘జేర్’ అన్న మామూలు మాట పుట్టుకలో నొప్పి అనే అర్థం ఉంది. బాధగా, నొప్పిగా అన్నది అరిగి అరిగి చివరికి ‘చాలా’ అయింది. ఇవాళ ఏ జర్మన్ పిల్లాడికీ ఆ మాటలో నొప్పి తగలదు.

ఎందుకిలా? ‘చాలా’ అనే అర్థాన్నిచ్చే మాటలు తొందరగా అరిగిపోతాయి. ప్రతి పూటా ప్రతి చిన్న విషయానికీ వాడతాం కాబట్టి వాటి పదును పోతుంది. కొత్త పదును కావాలి. మనిషి మనసులో అన్నిటికంటే గట్టిగా తగిలేవి భయం, నొప్పి, చావు, పిచ్చి. ఆ మాటల్ని అరువు తెచ్చుకుంటాం. మన ‘యమ’ని చూడండి. యమయాతన, యమగండం అన్నచోట యముడు నిజంగానే ఉన్నాడు. ‘యమ స్పీడు’, ‘యమా సరదా’ అనేసరికి యముడు వెళ్లిపోయి తీవ్రత ఒక్కటే మిగిలింది. ‘పిచ్చ హ్యాపీ’లో పిచ్చికీ అదే గతి. భయపెట్టే మాటలోంచి భయాన్ని వడగట్టి, దాని బలాన్ని మాత్రం ఉంచుకుంటాం. ఆ బలాన్ని మంచికి జోడించవచ్చు, చెడుకి జోడించవచ్చు. బాగున్నదానికే పదేపదే జోడిస్తే ఆ మాటే పొగడ్త అయి కూర్చుంటుంది.

ఈ దారిలో ఏ మాట ఎంత దూరం వచ్చిందో కొలవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. మాట పక్కనున్న ప్రత్యయాన్ని చూస్తాను. ‘కత్తిలా ఉంది’ అంటే అది పోలిక. కత్తి ఇంకా కత్తిగానే ఉంది. ‘కత్తిలాంటి ఐడియా’ అన్నా పోలికే. ‘ఐడియా కత్తి!’ అన్నప్పుడు ‘లా’ రాలిపోయింది. వినేవాళ్ల కళ్ల ముందు ఏ కత్తీ మెరవదు, నేరుగా ‘చాలా బాగుంది’ అన్న అర్థమే అందుతుంది. కేక కూడా అంతే. కేక పెట్టడం, కేక వేయడం అన్నప్పుడు క్రియ కావాలి. ‘పాట కేక’ అన్నప్పుడు క్రియ అక్కర్లేదు, కేక అన్నది పాట గుణంగా మారిపోయింది.

క్రియల్లోనూ ఇలాంటి గుర్తే ఉంది. చించాలంటే కాగితమో బట్టో ఉండాలి. ‘పరీక్షలో చించేశాడు’ అన్నప్పుడు దేన్ని చించాడని ఎవరూ అడగరు. కర్మ మాయమైంది. ఇరగదీశాడు, కుమ్మేశాడు, దున్నేశాడు, అన్నిటిదీ ఇదే తీరు: దెబ్బ ఉంటుంది, దెబ్బ తిన్నది ఉండదు. దేని మీదా పడని దెబ్బలో బలం తప్ప హాని లేదు, కాబట్టి అది మెచ్చుకోలుగా మారగలిగింది. చివర ‘లే’ తగిలిస్తే మాత్రం సంగతి మారిపోతుంది. ‘చించేశావు’ అంటే శభాష్. ‘చించావులే’ అంటే చేతకాలేదని. ఒక్క అక్షరం పొగడ్తని ఎత్తిపొడుపు చేసేసింది, నిఘంటువు ఎంత పెద్దదైనా ఈ తేడా అందులో దొరకడం కష్టం.

ఇద్దరు మేలుకున్నవాళ్లు

మార్పుల్లో నన్ను బాగా కదిలించేది వ్యంగ్యం వల్ల వచ్చేది. ప్రబుద్ధుడు అంటే మేలుకున్నవాడు, జ్ఞానం కలిగినవాడు. బుద్ధుడనే పేరుకీ దీనికీ ధాతువు ఒకటే. ఇవాళ ఈ మాట మనకి ఎక్కువగా వినిపించేది ఎక్కడ? ‘ఏ ప్రబుద్ధుడు చేశాడో ఈ పని!’ అన్నచోట. మొదట అన్నవాళ్లు ఎత్తిపొడుపుగా అన్నారు. తెలివితక్కువ పని చేసినవాణ్ణి జ్ఞాని అన్నారు, విన్నవాళ్లకి జ్ఞాని అన్న అర్థం తెలుసు కాబట్టి పోటు తగిలింది. వ్యంగ్యం నిలబడాలంటే పాత అర్థం ఇద్దరికీ తెలిసి ఉండాలి. పక్కనే కూర్చుని విన్న పిల్లలకి ఆ అర్థం ఎవరూ చెప్పలేదు. వాళ్లకి తెలిసింది గొంతులోని విసురు, చెడిపోయిన పని, ఈ మాట. మూడింటినీ కలిపి, ప్రబుద్ధుడు అంటే పనికిమాలినవాడు అని నేర్చుకున్నారు. వాళ్లు అదే మాటని వాడినప్పుడు అందులో వ్యంగ్యమే లేదు, సూటిగా తిట్టు. ఘనకార్యం, నిర్వాకం కూడా ఈ దారినే నడుస్తున్నాయి. జపనీస్‌లో ‘కిసామా’ అనేది ఒకప్పుడు ఎదుటివాళ్లని గౌరవించే మాట. ఇప్పుడు అలా పిలిస్తే తగవే.

ఇంగ్లిష్‌లో ‘వోక్’ అనే మాటకీ అచ్చంగా ప్రబుద్ధుడి గతే పట్టింది. దాని అర్థం కూడా మేలుకున్న అనే. అది అమెరికాలోని నల్లజాతివారి మాట. 1931లో అలబామాలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ల మీద అబద్ధపు అత్యాచారం కేసు పెట్టారు. జానపద గాయకుడు లెడ్ బెల్లీ వాళ్ల గురించి పాట కట్టాడు. 1938 నాటి రికార్డింగులో ఆ ప్రాంతానికి వెళ్లే తనవాళ్లని హెచ్చరిస్తూ, మేలుకుని ఉండండి, కళ్లు తెరుచుకుని ఉండండి అన్నాడు. ఆ మేలుకోవడం ప్రాణం కాపాడుకునే జాగ్రత్త. 1962లో నల్లజాతి రచయిత విలియం మెల్విన్ కెల్లీ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షికలోనే ఈ మాట ఉంది. తమ మాటల్ని తెల్లవాళ్లు అందుకోవడం, ఆ తర్వాత ఆ మాటలకి ఏమవుతుందన్నది ఆ వ్యాసం పట్టించుకున్న సంగతి. అదే మాటకి ముందు ముందు ఏం జరగబోతోందో అప్పటికి ఎవరికి తెలుసు?

2014లో అమెరికాలోని ఫెర్గూసన్‌ అనే ఊళ్లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి యువకుడు చనిపోయాక ఆ మాట దేశమంతా పాకింది. 2017లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ, అన్యాయాల పట్ల మెలకువగా ఉండటం అన్న అర్థాన్ని చేర్చుకుంది. అప్పటికే అది పుట్టిన వాడ దాటి చాలా దూరం వచ్చింది. సామాజిక అన్యాయాల గురించి మాట్లాడే ఎవరికైనా తగిలించే బిళ్ల అయింది. ఆ తర్వాత వాళ్లంటే గిట్టనివాళ్లు ఎత్తిపొడుపుగా వాడారు, ఇప్పుడు చాలామంది నోట అది తిట్టు. లెడ్ బెల్లీ చెప్పిన జాగ్రత్త అవసరం తీరిపోలేదు, దాన్ని చెప్పే మాట మాత్రం చేజారిపోయింది. అర్థాలు మారడం సహజమని నేను నమ్ముతాను. అయినా ఈ మాట విషయంలో నాకు మనసు చివుక్కుమంటుంది. వినేవాళ్లు బుద్ధిగా అర్థం చేసుకోబట్టి మారిన మాటని, ఒకరి చేతిలోంచి లాక్కోబట్టి మారిన మాటని ఒక్క గాటన కట్టలేను.

సోది కథ దీనికి కాస్త దగ్గరగా ఉంటుంది. సోది అంటే జోస్యం, రాబోయేదాన్ని చెప్పడం. చెప్పేవాళ్లకి అది విద్య. నమ్మకం లేకుండా విన్నవాళ్లకి తెగని మాటల ధార. ‘సోది చెప్పకు’ అన్న వాక్యం రెండోవాళ్ల వైపు నుంచి పుట్టింది, చివరికి వాళ్ల అర్థమే నిలిచింది.

ఏవి మిగులుతాయి

ఒక మాట ఉంటుందో పోతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. 1710లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ ‘టాట్లర్’ పత్రికలో, ఇంగ్లిష్‌ని పాడుచేస్తున్న కొత్త మాటలంటూ కొన్నిటి మీద విరుచుకుపడ్డాడు. వాటిలో ‘మాబ్’ (అల్లరి గుంపు) ఒకటి. చంచలమైన జనం అనే అర్థమున్న లాటిన్ మాటల జంటలో మొదటి ముక్క అది. ‘బాంటర్’ (సరదా ఎగతాళి) ఇంకొకటి. మూడు వందల ఏళ్లు దాటాయి, రెండూ ఇవాళ మర్యాదగల మాటలే. ఓకే సంగతి ఇంకా విచిత్రం. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చయింది. మాటల్ని కావాలని తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలు తీయడం అప్పటి పత్రికల్లో ఒక సరదా; ‘అంతా సరే’ అనే ‘ఆల్ కరెక్ట్’ని ‘ఓల్ కొరెక్ట్’గా రాసి ఓకే చేశారు. అలా పుట్టిన పొడి అక్షరాల్లో దాదాపు అన్నీ పోయాయి. సరదా పోయింది, ఓకే మిగిలింది. మనం రోజూ అనే బస్సు, ‘అందరి కోసం’ అనే లాటిన్ ‘ఓమ్నిబస్’లో తోక ముక్క. మన లెక్కలో చెప్పాలంటే ‘అందరికోసం’లో ‘కోసం’ ఒక్కటే మిగిలి, అదే బండి పేరయినట్టు.

మన దగ్గర ఈ తగువుకి ‘గ్రామ్యం’ అని పేరు పెట్టారు. మాట్లాడే భాషని పుస్తకాల్లోకి రానివ్వమని గిడుగు రామమూర్తి (1863–1940) జీవితమంతా వాదించినప్పుడు, అవతలివాళ్ల చేతిలో ఉన్న ఒక పెద్ద ఆయుధం ఈ మాట. గ్రామ్యం అంటే గ్రామానికి చెందినది, అంతే. అది ‘మోటు, అసభ్యం’ అయింది. నగరానికి చెందినది నాగరికం అయింది. ఇంగ్లిష్‌లోనూ ‘విలన్’ అన్న మాట పుట్టింది పొలంలో పనిచేసే పల్లెమనిషి పేరుగానే. పల్లెమనిషి దుర్మార్గుడు కావడానికి పల్లెమనిషి చేసిందేమీ లేదు. నిఘంటువులు రాసే కలం ఎవరి చేతిలో ఉందన్నదే అక్కడ లెక్క. ఒక మాటని మోటు అని పక్కన పెట్టేటప్పుడు, మనం కొలుస్తున్నది మాటనా, మాట్లాడే మనిషినా అని నేను ఇప్పటికీ ఆగి చూసుకుంటాను.

మాట వయసు చెప్పేటప్పుడు కూడా కాస్త ఆగాలి. కుర్రకారు మాట నోళ్లలో పుడుతుంది, కాగితం మీదికి ఆలస్యంగా ఎక్కుతుంది. నిఘంటువులో ఉన్న ఏడాది దాని పుట్టినరోజు కాదు, దొరికిన తొలి ఆనవాలు మాత్రమే. కొన్నిసార్లు ఆ ఆనవాలు మన ఊహకి అందనంత వెనక ఉంటుంది. ఫోన్లకి అతుక్కుపోయి మెదడు మొద్దుబారడాన్ని చెప్పే ‘బ్రెయిన్ రాట్’ని 2024కి ఆ ఏటి మాటగా ఆక్స్‌ఫర్డ్ ఎంచుకుంది. ఆ మాట 1854లోనే అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో రాతలో ఉంది.

పాత అర్థాలు పూర్తిగా చావవు కూడా. సామెతల్లో, సమాసాల్లో, పర్వాల పేర్లలో దాక్కుంటాయి. రచ్చబండలో రచ్చ, నారచీరలో చీర, ప్రబోధంలో ప్రబుద్ధుడు. మేనకోడలికి రచ్చబండ గుర్తుచేసినప్పుడు చప్పున వెలిగింది. “అయితే అక్కడ గొడవలు తీర్చేవాళ్లు అన్నమాట, గొడవలు పడటానికి కాదు!” అంది. నేను ఇంత పొడుగున రాసిన వంతెనని ఆ పిల్ల ఒక్క వాక్యంలో రెండోవైపు నుంచి దాటేసింది.

ఇంకొక్క మాట చూపించి ఆపుతాను, ఎందుకంటే దీని మార్పు మన కళ్ల ముందే జరుగుతోంది. పాత తెలుగులో కంపు అంటే వాసన. పరిమళానికీ అదే మాట. ఇప్పుడు దుర్గంధం ఒక్కటే మిగిలింది, పైగా ‘పనంతా కంపు చేశాడు’ అంటూ ముక్కుతో సంబంధం లేని చోటికీ పాకింది. తమిళంలో పరిమళానికి వాడిన ‘నాట్రం’ కూడా ఇలాగే కంపయింది. ఇంగ్లిష్‌లో ‘స్టింక్’ అన్న క్రియా అంతే, పూర్వం మంచి వాసనకీ చెల్లేది. మూడు భాషలు కూడబలుక్కోలేదు. మంచి వాసన వచ్చినప్పుడు మనం హాయిగా పీల్చుకుని ఊరుకుంటాం, చెడ్డ వాసన వస్తే నోరు తెరిచి చెబుతాం. చెప్పిన సందర్భాలన్నీ చెడ్డవే అయితే వినేవాళ్లకి అందే అర్థం అదే.

కంపు అలా పోయాక ఆ ఖాళీలోకి ‘వాసన’ వచ్చింది. ‘ఈ పువ్వు వాసన చూడు’ అనండి, ఎవరైనా సంతోషంగా వంగి చూస్తారు. అదే గదిలోకి వస్తూనే ‘ఏదో వాసనొస్తోంది’ అనండి. లోపలున్నవాళ్లు ముందు కిటికీ తెరుస్తారు.